పచ్చ, పచ్చి

దినమునకు నూరుమారులు పలుకు మాటలలో కొన్నిటిని గూర్చి మనము ఒక్కమారైనను ఆలోచింపము. కూరలో ఉప్పువలె, సరిగా నున్నంతకాలము వాని యునికియే మనకు తెలియదు. "పచ్చ" యనునదియు, దాని తోబుట్టువగు "పచ్చి" యనునదియు అట్టి మాటలు. ఈ రెండక్షరముల మాట ఒకమారు మా యింట ఒకరికొక తీరుగను వేరొకరికి వేరొక తీరుగను వినబడి, రెండు కుటుంబముల నడుమ ఏడాదిన్నరపాటు మాటలు లేకుండ జేసినది. కావున దీనిని గూర్చి నాకు తెలిసినంతవరకు వ్రాయుచున్నాను.

నా పుట్టినిల్లు తెనాలి ప్రాంతము. మెట్టినిల్లు మదనపల్లె చెంతనున్న రామసముద్రము. ఊరిపేరు విని మా మేనత్త, "అక్కడ అలలు కనబడునా?" యని పెండ్లిచూపులనాడు అడిగినది. ఈ సీమలో ఊరిపేరు చివర సముద్రమున్నచో చెరువని యెరుగవలెను. అనంతపురము చెంత బుక్కరాయసముద్రము అట్టిదే గదా. రామసముద్రమునకు కర్ణాటక సరిహద్దు అనతిదూరమున నున్నది. మా అత్తగారు సరిహద్దునకు ఆవల, మామిడితోటలకు పేరుపొందిన శ్రీనివాసపురము దిక్కున పుట్టినవారు. ఆమెకు ఇంట తెలుగు, బడిలో కన్నడము. కుప్పము దిక్కునకు పోయినచో అరవము కూడ చెవిని పడును. ఇట్టి మూడు భాషల ముంగిట నేను కోడలినై కాలు పెట్టితిని.

1986వ సంవత్సరము శ్రావణమాసమున పుట్టినింట నాకు తొలిచూలు మగబిడ్డ కలిగెను. మూడవనాడు మా నాయనగారు రామసముద్రమునకు కార్డు వ్రాసిరి: అమ్మాయి పచ్చి బాలింత, ప్రయాణము పనికిరాదు, బిడ్డ పచ్చగా నున్నాడు, మీరు వీలైనంత త్వరగా వచ్చి చూచినచో మాకు ధైర్యముగా నుండును. అంతియే. కార్డులో అంతకు మించి చోటు లేదు. ఆయనకు తీరికయు లేదు. బిడ్డ ముఖమున మొదలైన పసుపువన్నె రొమ్ముకు, పొట్టకు దిగుచుండగా ఆయన ఆసుపత్రికి బండి మాటలాడుటకు పరుగెత్తుచుండిరి.

రామసముద్రములో మా మరిది ఆ కార్డును బిగ్గరగా చదివినాడట. "బిడ్డ పచ్చగా ఉన్నాడు" అన్న మాట వినగానే మా అత్తగారు దేవునికి దండము పెట్టి, వీధి వీధంతయు చక్కెర పంచినారు. నూరేండ్లు పచ్చగా నుండుమని దీవించుట వినలేదా? పచ్చని పంట, పచ్చని సంసారము, పచ్చని పందిరి - ఇవన్నియు ఆమె చెవిలో ఒక్కసారిగా మ్రోగినవి. ఇక తొందర యేమున్నది? మంచి దినము చూచుకొని, వెండి మొలత్రాడు చేయించుకొని, ఇరువదియొకటవనాడు వచ్చిరి. అప్పటికి మా బిడ్డ కన్నులకు గంతలు కట్టించుకొని ఆరు దినములు ఆసుపత్రిలో నీలిదీపము క్రింద పరుండి, బ్రతికి యింటికి వచ్చి యుండెను.

"ఏమన్నా, బిడ్డకు జబ్బని ఒక్క మాట రాయగూడదా? మేము అంత కానివాళ్ళమైపోతిమా?" అని అత్తగారు.

"రాశాను గదా చెల్లెమ్మా! పచ్చగా ఉన్నాడని రాస్తే మీరు కదలనైనా కదల్లేదు!" అని మా నాయనగారు.

"పచ్చగా ఉండాడంటే బాగుండాడని గదా!"

అబద్ధమాడినవారు ఎవరును లేరు. ఐనను దాచినారని ఒకరు, లెక్కపెట్టలేదని ఒకరు తలచిరి. పచ్చగడ్డి వేసినను భగ్గుమను నట్లాయెను. చూడుడు, ఈ సామెతలో కూడ పచ్చయే!

ఇప్పుడు మాట సంగతి చూతము. ఏ విశేషణమైనను ఒంటరిగా నిలిపి అర్థము చెప్పుమన్న చిక్కు కలుగును. దాని యెదుట నిలుచు మాట యేదో చూచినచో తేటపడును. పచ్చి కాయ యన్నప్పుడు ఎదుట నున్నది పండు. పచ్చి కట్టె యన్నప్పుడు ఎండు కట్టె. పచ్చి పాలు కాచిన పాలకు ఎదురు; పచ్చి ఇటుక కాల్చిన ఇటుకకు; పచ్చి పుండు మానిన పుండునకు. పచ్చిబియ్యమునకు ఉప్పుడు బియ్యము ఎదురు. శనగపప్పును చేతిలో పోసికొని చూడుడు. గలగలలాడుచు ఎండియే యుండును, ఐనను దానిని పచ్చి శనగపప్పు అందుము. వేయింపనిదని భావము. పచ్చిపులుసు పొయ్యి యెక్కనిది. కావున పచ్చి యనగా తడియనియు కాదు, ఆకువన్నె యనియు కాదు. జరుగవలసిన పాకమేదో ఇంకను జరుగలేదని. ఆ పాకము నిప్పుది కావచ్చును, ఎండది కావచ్చును, కాలముది కావచ్చును.

మదనపల్లె టమాట మండీ సంగతి లోకమెరుగును. మా పొలమున టమాటలు కోయునప్పుడు పచ్చికాయ, దోరకాయ, పండు అను మూడు మాటలతో కూలియాడువారు బుట్టలు వేరుచేయుదురు. దూరదేశమునకు లారీలో పోవలసినది దోరకాయ. మరునాడే వండుకొనవలసినది పండు. ఒక మాట తప్పుగా విన్నచో లారీ దిగునప్పటికి సరకు చారుగా మారును. నిఘంటువు చూడని మా కూలియాడువారికి ఈ విశేషణములయందున్న పట్టు నాకు లేదని ఒప్పుకొనుటకు సిగ్గుపడను.

వంటింటిని దాటి ఈ మాట మనుష్యులమీదికి వచ్చినప్పుడు ఇంకను వింతగా నుండును. పచ్చి బాలింత యనగా ప్రసవించి కొలది దినములే యైన స్త్రీ. ఆమె యొడలు ఇంకను మానలేదని. పచ్చి మంచినీళ్ళైనను ముట్టలేదన్నచో కటికయుపవాసము. పచ్చి మాటలు చెవులు మూసికొనదగినవి. పచ్చి అబద్ధము, పచ్చి మోసము, పచ్చి స్వార్థము అన్నప్పుడు, కప్పిపుచ్చుటకు మసాలాయైనను వేయక ఉన్నదున్నట్లు ఎదుట పెట్టినదని యర్థము. అబద్ధమును కూడ వండవలెనని మన పూర్వులు తలచిరి కాబోలు! అల్లికల్పన లేని అబద్ధము వారికి పచ్చిది.

ఇది మన తెలుగువారికే చెల్లిన ఊహ యని గర్వపడుచుంటిని గాని, అత్తవారి యింట నా గర్వమణగినది. కన్నడమున పచ్చికి హసి యందురు. వారును "హసి సుళ్ళు" అనిన పచ్చి అబద్ధమే. వారి "హసి బాణంతి" మన పచ్చి బాలింతయే. అరవమువారు "పచ్చై పొయ్" అందురు. అప్పుడే కన్న తల్లిని పచ్చై ఒడలిది యనియు, చంటిబిడ్డను పచ్చై కుళందై యనియు అందురు. మూడు భాషల స్త్రీలు మూడు వంటయిండ్లలో కూర్చుండి, అడుగకయే ఒక్క మాట చెప్పికొన్నట్లున్నది.

దీనికి కారణము వీని తల్లివేరు ఒకటియే యగుట. 1961లో బరో, ఎమెనో యను పండితులు ద్రావిడభాషల ధాతుకోశమును ప్రకటించి, ఇట్టి మాటలన్నిటిని ఒక గూటికి చేర్చిరి. మన పచ్చ, పచ్చి, పసరు, పసుపు, పసిమి, పసిడి, పైడి, పసిబిడ్డలోని పసి - ఇవన్నియు ఒక తల్లి బిడ్డలే. ("పసులు" అను మాటను మాత్రము ఇందు చేర్పరాదు, అది పశు వను సంస్కృతమునుండి వచ్చినది.) పూర్వకన్నడమున పకారముతో మొదలైన మాటలు పెక్కు తరువాత హకారముగా మారినవి. మన పాలు వారికి హాలు, మన పులి హులి, మన పల్లె హళ్ళి. అట్లే పసి హసి యైనది. పల్లెలు దాటి హళ్ళులు మొదలగు చోటనే సరిహద్దు దాటితిమని మా యింట పిల్లలు చెప్పికొందురు.

సంక్రాంతి దినములలో మా చిత్తూరు సీమ యిండ్లలో అనపగింజలను నానబెట్టి, ఒక్కొక్కదానిని వ్రేళ్ళ నడుమ నొక్కి తోలు విడిపించి, పితికిపప్పు చేయుదురు. గంట సేపు పితికినను గిన్నె అడుగు నిండదు. ఆ గంట సేపు ఇంటి స్త్రీలందరు చుట్టు కూర్చుండి లోకవార్తలన్నియు పితుకుదురు. దీనినే ఆవలివారు హితికిద బేళె యందురు. పితుకు - హితుకు. చూచితిరా, అదే పకారము, అదే హకారము. మా పోరు తీరినది ఈ గిన్నె చుట్టుననే గావున ఇంత చెప్పితిని. ఆ సంగతి తరువాత.

ఇక రంగు. పచ్చ యనగా ఏ రంగు? ఆకు రంగని కొందరు, పసుపు రంగని కొందరు. రెండును నిజమే. ఆకుపచ్చ, పసుపుపచ్చ, చిలుకపచ్చ అని ముందొక గుర్తు తగిలించినగాని మన పచ్చకు నిలకడ లేదు. మరకతమును పచ్చ యందుము, అది ఆకురంగు. పచ్చబొట్టు కూడ ఆ వన్నెదే. కామెర్లవానికి లోకమంతయు పచ్చయన్నచో అది పసుపురంగు. పచ్చకప్పురము మరియొక చోద్యము. తెల్లగానుండి పచ్చ పేరు మోయుచున్నది. అచ్చట పచ్చ యనునది రంగుకాదు, పచ్చితనము. 1852లో అచ్చయిన తన తెలుగు నిఘంటువున బ్రౌనుదొర ఈ రెండు రంగులను చూపియున్నాడు. ఆయన తెలుగుపై మక్కువ పెంచుకొన్నది 1820లో కడపకు వచ్చిన తరువాత. మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువరకు కడప జిల్లాలోనిదే. ఈ పచ్చల చిక్కు ఆయనను కూడ ఎన్నిమారులు తడబరచెనో!

రెండు రంగులకు ఒకే పేరా యని నవ్వవలదు. ఆకు చిగురించినప్పుడు లేత పసుపువన్నె, ముదిరినప్పుడు ఆకువన్నె, రాలుటకు ముందు మరల పసుపువన్నె. చెట్టును చూచి పేరు పెట్టినవారికి అది ఒకటే రంగు యొక్క వయోభేదము. సంస్కృతమున హరి యను మాటకు ఈ రెండు వన్నెలును కలవు. హరితము ఆకుపచ్చ, హరిద్ర పసుపు. ప్రాచీన గ్రీకుల క్లోరోస్ అను మాట లేతపచ్చకు, పసుపునకు, పచ్చితనమునకు కూడ చెల్లెను. ఆకులలోని పత్రహరితమునకు, పసుపుపచ్చని క్లోరిను వాయువునకు పాశ్చాత్యులు పెట్టిన పేర్లు ఆ మాటనుండియే పుట్టినవి. చీనాదేశపు కాంటనువారు పచ్చిదానిని "సాంగ్" అందురు. బ్రతికియున్నదనుటకును అదే మాట. వారి వాడుకలో పండ్లను "సాంగ్ గ్వో" యందురు. పచ్చిదే ప్రాణముగలదని వారును కనిపెట్టిరి.

కాని కన్నడమున హసిరు ఆకురంగే, పసుపురంగునకు పోదు. అరవపు పచ్చైయును సాధారణముగ అట్టిదే. కామెర్లను కన్నడమువారు "అరిసిన కామాలె" యనియు, అరవమువారు "మంజళ్ కామాలై" యనియు అందురు. అరిసినము, మంజళ్ అనగా పసుపు. మనమొక్కరమే పచ్చకామెర్లందుము. కన్నడ బడిలో చదివిన మా అత్తగారి చెవికి "పచ్చగా" అన్న మాటలో జబ్బు వినబడకపోవుట వింతగాదు.

ఈ సంగతి నాకు తెలిసినది 1988 సంక్రాంతినాడు. పితికిపప్పు గిన్నె ముందు కూర్చుండి అత్తగారు, "మా అమ్మగారింట్లో అరిసిన కామాలె అంటారే గాని పచ్చ అనరమ్మా. మీరు పచ్చ అంటారని నాకెవరు చెప్పినారు?" అన్నారు. కోపముతో కాదు, దిగులుతో. నా చేతిలోని గింజ జారి ఎక్కడో పడినది. ఆ రాత్రియే నాయనగారికి ఉత్తరము వ్రాసితిని. ఈమారు కార్డు కాదు, కవరు. ఆయన వారము తిరుగకుండ రామసముద్రము వచ్చి, గుమ్మములో నిలిచి, "చెల్లెమ్మా, తప్పు నా రాతది" అనిరి. "నా చదువుది అన్నా" అని ఆమె మంచినీళ్ళు తెచ్చియిచ్చిరి. నీరుగట్టువారిపల్లె నేతపట్టుచీర యొకటి ఆయన కొని తెచ్చిరి. ఏ రంగని యడుగుదురేమో, ఎర్రది. పచ్చ జోలికి పోలేదు.

తల్లులగు సోదరీమణులకు ఇందు తెలియవలసిన వైద్యవిషయము కొంత కలదు. నెలలు నిండి పుట్టిన శిశువులలో నూటికి అరువదిమందికి, నెలలు నిండనివారిలో నూటికి ఎనుబదిమందికి తొలివారములో ఈ పసుపువన్నె కనబడును. పాత రక్తకణములు చితికినప్పుడు బిలిరుబిన్ అను పసుపు పదార్థము పుట్టును. దానిని బయటికి పంపుటకు శిశువు కాలేయమునకు ఇంకను చేతగాదు. అదియును పచ్చిదే గదా! రెండవ మూడవ దినములలో మొదలై, వారము రెండువారములలో దానంతటదియే తగ్గునది మేలైన రకము. పుట్టిన ఇరువదినాలుగు గంటలలోపల కనబడినను, అరచేతులకు అరికాళ్ళకు దిగినను, బిడ్డ పాలు కుడువక మగతగా నున్నను, ఒక్క పూటయైనను ఆగరాదు. మితిమీరినచో ఆ పదార్థము మెదడున చేరి, జీవితాంతము తీరని లోపము కలిగించును. రెండు వారములు దాటినను వన్నె తగ్గకున్న, మలము తెల్లని సుద్దవలె నున్న, అప్పుడును వెంటనే వైద్యునికి చూపవలెను.

మన యిండ్లలో ఒక చిక్కు కలదు. బాలింతకును బిడ్డకును పసుపు పూయుట మన ఆచారము. పసుపు మీద పసుపు కనబడునా? కావున నుదుటినో రొమ్మునో వ్రేలితో మెల్లగా నొక్కి తీసి, ఆ చోటి రంగు పగటి వెలుతురులో చూడవలెను. కనుగ్రుడ్ల తెల్లభాగమును చూడవలెను. చామనచాయ బిడ్డలకు కన్నులు, చిగుళ్ళు మరింత నమ్మదగినవి. మా అమ్మమ్మ ఏదో యాకుపసరు బిడ్డ ముక్కున పోయుదమని చేతిలో పిండుకొని వచ్చినది. పచ్చకు పసరు; మాటలు రెండును ఒక వేరువే గాని మందు కాదు. నాయనగారు అడ్డుపడకున్న ఏమగునో తలచినచో ఇప్పటికిని గుండె జల్లుమనును.

నీలిదీపము చరిత్ర యొక స్త్రీ కంటిచూపుతో మొదలైనదని మీకు తెలియునా? ఇంగ్లాండులో రాచ్‌ఫర్డ్ ఊరి ఆసుపత్రిలో జీన్ వార్డ్ అను సిస్టరు, నెలలు నిండని శిశువులను ఎండవేళ తోటలోనికి తీసికొనిపోవుచుండెడిది. 1956లో ఒకనాడు ఆమె యొక శిశువును వైద్యులకు చూపినది. ఒడలంతయు తెల్లబారి, దుప్పటి కొస కప్పిన చోట మాత్రము మూడుమూలల పసుపు మచ్చ నిలిచియున్నది. వెలుతురు తగిలిన చోట పసుపు పోయినదని యప్పుడు తెలిసినది. వైద్యుడు క్రెమరును ఆయన తోడివారును దీపములతో పరీక్షించి 1958లో ప్రకటించిరి. వెలుగు, ముఖ్యముగా నీలివెలుగు, ఆ పదార్థమును రూపు మార్చి, పైత్యముతోను మూత్రముతోను సులభముగ పోవునట్లు చేయును. ఐతే ఇంటిముంగిట ఎండలో బిడ్డను పరుండబెట్టుట దీనికి బదులు కాదు. లేత చర్మము కమలును, జబ్బును తగినంత తగ్గదు.

మా బిడ్డ ఇప్పుడు బెంగుళూరున ఉద్యోగము చేయుచున్నాడు. వానికి కూతురు పుట్టిననాడు నేను రామసముద్రమునకు టెలిఫోను చేసితిని. అప్పటికి మా అత్తగారికి ఎనుబది దాటినవి, చెవులు మందగించినవి. "అత్తయ్యా, పాప పుట్టింది, పచ్చగా..." అని యంటినో లేదో, ఆమె మధ్యలోనే అందుకొని గట్టిగా అడిగిరి:

"ఏ పచ్చ? కండ్లు చూసినారా? తెల్లగా ఉండాయా లేదా, అది చెప్పు ముందు!"